పేదవాని ఇంటికి ఒకటో తారీఖు

(శతవార్షికోత్సవాల సందర్భంలో జరిగిన గ్రామ సంఘాల ప్రతినిధుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వేదికలకు అలవాటుపడిన మనిషిని కాను. ముప్పై అయిదేళ్ళు ఒక బ్యాంకులో పనిచేసి, అందులో ఎక్కువ కాలం పల్లెటూరి శాఖల్లోనే గడిపి, ఉద్యోగవిరమణ చేసినవాడిని. శతవార్షికోత్సవాల నిర్వాహకులు నన్ను పిలిచి, "బీద కుటుంబాలకు మనం చేసే సహాయం వస్తురూపంలో ఉండాలా, నగదు రూపంలో ఉండాలా? మీ అనుభవంతో చెప్పండి" అన్నారు. అనుభవం అన్నారు గనుక ఒప్పుకున్నాను. పాండిత్యం అని ఉంటే తప్పించుకునేవాడిని.

మొదట ఒక చిన్న సంగతి మనవి చేస్తాను. ఈ హాలులో కూర్చున్నవారిలో ఉపాధ్యాయులున్నారు, నర్సులున్నారు, రైల్వేలో పనిచేసినవారున్నారు, నావంటి పింఛనుదారులున్నారు. మనందరికీ సామాన్యంగా ఒకటి ఉంది. అదే ఒకటో తారీఖు. జీతం ఎక్కువో తక్కువో, ఆ రోజున వస్తుందని మనకు తెలుసు. ఆ తెలియడం మీదనే మన జీవితాలన్నీ కట్టుకున్నాం. పిల్లవాణ్ణి ఏ కాలేజీలో వేయాలి, ఇంటికి అప్పు ఎంత తీసుకోవాలి, అమ్మాయి పెళ్ళి ఏ వేసవిలో చేయాలి అని మనం ఆలోచించగలిగింది మన తెలివి వల్ల మాత్రమే కాదు. ఒకటో తారీఖు ఉండబట్టి.

ఇప్పుడు మన సంఘాల్లోని కూలి కుటుంబాలను తలచుకోండి. నాట్లప్పుడు పని ఉంటుంది, కోతలప్పుడు పని ఉంటుంది. మధ్యలో ఉండదు. వాన ఎక్కువైతే లేదు, తక్కువైతే అసలే లేదు. ఏడాది మొత్తం లెక్కకట్టి పన్నెండు పెట్టి భాగిస్తే నెలకు ఇంత అని ఒక అంకె వస్తుంది. కాని ఆ అంకె ఏ నెలలోనూ ఆ ఇంట్లోకి అడుగుపెట్టదు. ఒక నెల రెండింతలు వస్తుంది, మరో నెల ఏమీ రాదు. పేదరికమంటే డబ్బు తక్కువ కావడం ఒక్కటే అని ఉద్యోగంలో చేరిన కొత్తలో నేననుకునేవాడిని. ఎప్పుడు వస్తుందో తెలియకపోవడం అందులో సగమని నాకు తెలిసేసరికి చాలా కాలం పట్టింది. తెలిసిన విధానం కూడా నాకు గౌరవప్రదమైనది కాదు. అయినా చెబుతాను.

అది 1983వ సంవత్సరం. బీదలకు సబ్సిడీతో అప్పులిచ్చే పథకం ఒకటి మా శాఖ ద్వారా అమలయ్యేది. ఒకరోజు ముప్పై ఏళ్ళ స్త్రీ ఒకామె నా బల్ల ముందుకు వచ్చింది. ఆమెకు కావలసింది వెయ్యి రూపాయలు. ఊళ్ళో రైతుల దగ్గర బస్తా, రెండు బస్తాల చొప్పున వడ్లు కొని, మరపట్టించి, బియ్యాన్ని టౌనుకు తీసుకుపోయి అమ్ముతానంది. తవుడుకు ఎంత వస్తుందో, బస్సు చార్జీ ఎంతవుతుందో, బస్తాకు ఎంత మిగులుతుందో వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పింది. ఆ లెక్కలో తప్పేమీ లేదు. కాని మా శాఖకు వచ్చిన జాబితాలో ఆ ఊరికి గేదెలు మాత్రమే ఉన్నాయి. "బియ్యం వ్యాపారానికి లేదమ్మా, గేదెకయితే ఇస్తాం" అన్నాను. ఆమె అన్నది: "గేదెకు మేతెక్కడిదయ్యా? నాకు గడ్డి కోసుకోను గట్టయినా లేదు." నేను చదువుకున్నవాడిని గదా, ఆమెకు నచ్చజెప్పాను. పాలు అమ్ముకోవచ్చన్నాను. సబ్సిడీ వస్తుందన్నాను. సొమ్ము ఆమె చేతికివ్వకుండా, సంతలో అమ్మినవానికే చెల్లించి, గేదెకు బిళ్ళ కట్టించి, ఫొటో తీయించి ఫైలులో పెట్టాం.

గేదె ఒక ఈత పాలిచ్చింది. తరువాత వట్టిపోయింది. మేత కొనలేక అయినకాడికి అమ్మేసింది. అప్పు మాత్రం నిలిచిపోయింది. వసూలుకు నేనే సైకిలు మీద వెళ్ళాను. ఆమె నన్ను తిట్టలేదు. కుక్కి మంచం వాల్చి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "నేనడిగింది ఇచ్చుంటే మీకీ నడక తప్పేదయ్యా" అంది. అంతే. ఆ మాట నలభై ఏళ్ళుగా నాతోనే ఉంది. ఆమె దగ్గర ఒక ప్రణాళిక ఉంది. నేను దాన్ని తీసేసి నా జాబితాలోని గేదెను ఇచ్చాను.

బీదవారు ముందుచూపు లేనివారని మనం తరచుగా అంటూ ఉంటాం. "వచ్చింది వచ్చినట్టు ఖర్చుపెడతారు, రేపటి సంగతి ఆలోచించరు" అంటాం. ఈ మాటకు సంబంధించిన ఒక పరిశీలనను మీ ముందుంచుతాను. తమిళనాడులో చెరకు రైతుల మీద సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్ మొదలైన పరిశోధకులు చేసిన పని అది. 2013లో ప్రకటించారు. చెరకు రైతుకు సొమ్ము ఏడాదికొకసారి, కోత తరువాత వస్తుంది. కోతకు ముందు చేతిలో ఏమీ ఉండదు, నగలు కుదువకు వెళతాయి. వారు 464 మంది రైతులకు, కోతకు ముందొకసారి, కోత తరువాత ఒకసారి, బుద్ధికి పదును పెట్టే చిన్న పరీక్షలు పెట్టారు. అదే మనిషి కోతకు ముందు తక్కువగా, కోత తరువాత మెరుగ్గా చేశాడు. మనిషి మారలేదు, అతని తెలివీ మారలేదు. డబ్బు బెంగ మనసులో కొంత చోటు ఆక్రమించుకుని, మిగతా ఆలోచనకు చోటు లేకుండా చేసింది. రేపటి బియ్యానికి వెదుక్కునేవాడు వచ్చే ఏటి చదువును గురించి ఆలోచించలేడు. అది బుద్ధిలోపం కాదు, తీరిక లేకపోవడం.

మరి ఆ ఇంటికి ఒక ఒకటో తారీఖు వస్తే ఏమవుతుంది? దీనికి జవాబు మా వీధిలోనే ఉంది.

మా ఊళ్ళో మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఒక వితంతువు ఉంది. నాకంటె రెండేళ్ళు పెద్ద. నన్ను తమ్ముడూ అంటుంది. కొడుకు పోయాడు, కోడలు కూలికి వెళుతుంది, మనుమరాలు ఇంటర్మీడియట్ చదువుతోంది. ఆమెకు వచ్చే పింఛను మన రాష్ట్ర చరిత్రంతా చూసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో అది 200 రూపాయల నుండి 1,000 అయింది. 2019లో 2,000 దాటింది. 2024 జనవరిలో 3,000, అదే ఏడాది జులై నుండి 4,000 అయింది. అంతకంటె ముఖ్యమైన సంగతి, 2020 ఫిబ్రవరి నుండి ఒకటో తారీఖున ఇంటికి తెచ్చి చేతికిచ్చే పద్ధతి వచ్చింది. ప్రభుత్వాలు మారినా, తెచ్చేవారు మారినా ఆ తారీఖు దాదాపుగా నిలిచింది.

కిందటేడు ఒక సాయంత్రం ఆమె మా అరుగు మీద కూర్చుని ఉండగా అడిగాను, "అక్కా, నాలుగు వేలూ ఏం చేస్తావు?" అని. బ్యాంకువాడి బుద్ధి ఎక్కడికి పోతుంది! ఆమె వెంటనే లెక్క చెప్పింది. పచారీ కొట్టుకు 1,500. బి.పి., షుగరు మాత్రలకు 600. చీటీకి 1,000. మిగిలిన 900 మనుమరాలి బస్సుకూ పై ఖర్చులకూ. 2024 జులైలో వెనుకటి మూడు నెలల పెంపు కలిపి ఒక్కసారే 7,000 ఇచ్చారు గదా, అందులో ఎక్కువగా వచ్చిన 3,000తో తాకట్టులో ఉన్న చెవిదుద్దులు విడిపించుకుందట. "చీటీ ఎందుకు?" అన్నాను. "ఇరవై నెలల చీటీ తమ్ముడూ. పిల్ల ఇంటర్ అయ్యేనాటికి ఇరవై వేలు చేతికొస్తాయి. నర్సు చదువులో చేర్చాలి" అంది.

తరువాత ఆమె ఇంకొక మాట అంది. "ఇదివరకు పిల్ల ఏదడిగినా 'చూద్దాంలే' అనేదాన్ని. ఆ మాటకు లేదని అర్థమని దానికీ తెలుసు. ఇప్పుడు 'ఒకటో తారీఖున చూద్దాం' అంటున్నా. అది గుర్తుపెట్టుకుని అడుగుతుంది."

నేను ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్నదంతా ఆ రెండు మాటల మధ్య తేడాలోనే ఉంది. ఇంకొక విశేషం గమనించండి. పచారీ కొట్టు యజమాని ఆమెకు ఇప్పుడు అరువు సంతోషంగా ఇస్తాడు, వడ్డీ లేకుండా. ఎందుకంటే ఆ తారీఖు అతనికీ తెలుసు. ఒకప్పుడు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకున్న మనిషి, ఈనాడు పరపతి ఉన్న మనిషి అయింది.

"ఇది ఒక్క ఇంటి సంగతి, దీన్ని పట్టుకుని అందరికీ ఎలా చెబుతారు?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అందుకే వేల ఇళ్ళలో జరిగిన ఒక పెద్ద పరిశీలనను గురించి చెబుతాను. అది జరిగింది ఆఫ్రికాలోని కెన్యా దేశంలో. అక్కడి పల్లెలు మన పల్లెల వంటివే. మొక్కజొన్న, చిన్న కమతాలు, కూలి, చేపలవేట. గివ్ డైరెక్ట్‌లీ అనే స్వచ్ఛంద సంస్థ అక్కడి బీద కుటుంబాలకు వస్తువులు గాని, సలహాలు గాని ఇవ్వకుండా, సెల్‌ఫోను ద్వారా నేరుగా డబ్బు పంపడం మొదలుపెట్టింది. 2007లో ఆ దేశంలో వచ్చిన ఎం-పెసా అనే పద్ధతి వల్ల ఇది సాధ్యమయింది. ఫోనులో పడిన సొమ్మును ఊళ్ళోని చిన్న దుకాణంలో నోట్లుగా మార్చుకోవచ్చు.

మొదటి విడతలో వచ్చిన డబ్బుతో చాలామంది ఇంటి పైకప్పుకు రేకులు వేసుకున్నారు. "సోకు" అనుకునేరు. తాటాకు ఇళ్ళలో పుట్టిన మనకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. గడ్డికప్పు తరచుగా కప్పించుకుంటూ ఉండాలి, కప్పించిన ప్రతిసారీ ఖర్చే. రేకు ఒక్కసారి వేస్తే ఏళ్ళతరబడి ఆ ఖర్చు లేదు. రేకు వేసుకుంటే లాభమని వారికి ముందే తెలుసు. తెలివి కొరవడి కాదు, ఒక్కసారే అంత సొమ్ము కూడక గడ్డికప్పు కింద ఉన్నారు.

2018లో అదే దేశంలో ఇంకా పెద్ద ప్రయత్నం మొదలైంది. అభిజిత్ బెనర్జీ (2019లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమానం పొందినవారిలో ఒకరు), తవ్నీత్ సూరి మొదలైనవారు దాన్ని పరిశీలిస్తున్నారు. మొత్తం 295 ఊళ్ళు. 44 ఊళ్ళలో పెద్దవాళ్ళందరికీ నెలకు ఇరవై రెండున్నర డాలర్లు, అంటే ఆనాటి మారకంలో సుమారు 1,500 రూపాయలు, పన్నెండేళ్ళపాటు ఇస్తామని చెప్పారు. 80 ఊళ్ళలో అంతే సొమ్ము, కాని రెండేళ్ళు మాత్రమే. 71 ఊళ్ళలో ఆ రెండేళ్ళ సొమ్మును ఒక్కసారిగా చేతికిచ్చారు. మిగిలిన 100 ఊళ్ళకు ఏమీ ఇవ్వకుండా పోల్చి చూడడానికి ఉంచారు.

మొదటి రెండేళ్ళు ముగిసిన తరువాతి ఫలితాలను 2023లో ప్రకటించారు. ఒక్కసారిగా సొమ్ము అందినవారు చిన్న వ్యాపారాలు పెట్టారు, బాగా సంపాదించారు. రెండేళ్ళే వస్తుందని తెలిసినవారు ఆ విషయంలో వెనుకబడ్డారు. పన్నెండేళ్ళు వస్తుందని నమ్మకం ఉన్నవారు మాత్రం, నెలనెలా చిన్న మొత్తాలే వచ్చినా, వ్యాపారాల్లో ముందుకు వెళ్ళారు. ఎలాగంటే, వాళ్ళు చీటీలు వేసుకున్నారు! మన అక్క వేసుకున్నట్టే. నెలకింత వేసి, వంతులవారీగా ఒక్కొక్కరు పెద్దమొత్తం తీసుకున్నారు. రెండేళ్ళవారికీ పన్నెండేళ్ళవారికీ ఆ మొదటి రెండేళ్ళలో అందిన సొమ్ము ఒక్కటే. తేడా అంతా ముందున్న కాలంలో ఉంది. రేపు కూడా వస్తుందనే నమ్మకం ఈనాటి రూపాయికి బలం ఇచ్చింది.

మన దేశంలోనూ ఇటువంటి ప్రయత్నం ఒకటి జరిగింది. మధ్యప్రదేశ్‌లో 2011 జూన్ నుండి దాదాపు ఏడాదిన్నరపాటు, సేవ అనే మహిళా సంఘం, యూనిసెఫ్ సహాయంతో, ఎనిమిది గ్రామాల్లో ప్రతి మనిషికీ షరతులు లేకుండా నగదు ఇచ్చింది. మొదట పెద్దవారికి 200, పిల్లలకు 100. ఏడాది తరువాత 300, 150. దాన్ని పరిశీలించినవారిలో హైదరాబాదు వాసి అయిన శరత్ దావల ఒకరు. చూడబోతే ఎంత? అయిదుగురున్న ఇంటికి నెలకు ఏడెనిమిది వందలు. ఆ కొద్ది సొమ్ముతో విత్తనాలు, ఎరువులు వేళకు కొన్నారు, మేకలు, కోళ్ళు కొన్నారు. పిల్లల బరువు మెరుగుపడింది, పెద్దబడికి వెళ్ళే ఆడపిల్లలు పెరిగారు, వడ్డీ అప్పులు తగ్గాయి. తీసుకున్న అప్పుకు రైతు ఇంట్లో పాలేరుగా ఉండిపోయినవారిలో కొందరు ఆ బాకీ తీర్చుకుని బయటపడ్డారు. మన తాతలకు పాలేరుతనం ఏమిటో తెలుసు గనుక ఆ చివరి సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ఇక అభ్యంతరాలకు వస్తాను. మొదటిది, "డబ్బిస్తే తాగేస్తారు." తాగేవాడు లేడని నేననను. 1990వ దశకంలో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారామీద ఎందుకు తిరగబడ్డారో మనకు తెలుసు. కాని ప్రపంచ బ్యాంకుకు చెందిన ఇద్దరు పరిశోధకులు పలు దేశాల అధ్యయనాలను ఒకచోట చేర్చి 2014లో తేల్చిన సంగతి ఏమిటంటే, ఇటువంటి నగదు సహాయం వల్ల తాగుడు, పొగాకు ఖర్చు పెరగలేదు. కొన్నిచోట్ల తగ్గింది కూడా. తాగేవాడు బియ్యమిచ్చినా అమ్ముకుని తాగుతాడు. తాగని తొమ్మిదిమందిని అతని పేరు చెప్పి అనుమానించడం ధర్మం కాదు. సొమ్ము ఇంటి ఇల్లాలి చేతికి అందేటట్టు చూడడం మన చేతిలో పని.

రెండవది, "సోమరులవుతారు." కెన్యాలో జనం పనిచేయడం తగ్గించలేదు. అయితే ఇతరుల దగ్గర కూలిపని కొంత తగ్గించి, సొంతపని పెంచుకున్నారు. దీన్ని సోమరితనం అనేది ఆ కూలివాణ్ణి పిలిచి రాలేదని నొచ్చుకున్నవారే. మనం పింఛను తీసుకుంటూ సోమరులమయ్యామా?

మూడవది కాస్త బరువైన అభ్యంతరం. "బడి, ఆసుపత్రి, సాగునీరు ఇవ్వవలసిన ప్రభుత్వం నాలుగు రూపాయలు చేతిలో పెట్టి తప్పుకుంటే?" అంటారు. ఇది నిజమైన భయమే. మనుమరాలికి ఇరవై వేలు కూడినా, అందుబాటులో మంచి నర్సు శిక్షణ లేకపోతే ఆ చీటీ ఏం చేస్తుంది? నగదు ఆ పనులకు బదులు కాదు, వాటిని అందుకోవడానికి వేసుకునే నిచ్చెన.

నగదు ఇచ్చినంత మాత్రాన మేలు జరుగుతుందని కూడా నేననను. బ్యాంకు అనుభవం మీద మూడు సంగతులు చెబుతాను. అవి లేకపోతే నగదు కూడా నా గేదె వంటిదే.

ఒకటి, వేళ. తెలంగాణలో 2018 మే నెలలో రైతుబంధు మొదలైంది. ఎకరానికి పంటకు 4,000, ఆ తరువాతి ఏడాది నుండి 5,000. దానిలో నాకు నచ్చింది ఆ మొత్తం కంటె దాని వెనుక ఉన్న ఆలోచన. పంట పోయాక ఓదార్పుగా కాకుండా, విత్తనం వేయడానికి ముందు పెట్టుబడిగా ఇవ్వాలన్నది ఆ ఆలోచన. దుక్కి దున్నేనాటికి అందిన రూపాయి విత్తనమవుతుంది. రెండు నెలలు ఆలస్యమైన అదే రూపాయి, విత్తనాలకు తెచ్చిన అప్పు వడ్డీ కింద పోతుంది.

రెండు, చేయి. ఎవరి చేతికి అందుతున్నది? భూమి పట్టా చూసి ఇచ్చినప్పుడు, ఆ భూమిని నిజంగా దున్నే కౌలుదారుకు అందలేదు. రైతుబంధులో కౌలు రైతులు మిగిలిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో మొదలైన రైతుభరోసాలో భూమిలేని ఎస్.సి., ఎస్.టి., బి.సి., మైనారిటీ కౌలుదారులను చేర్చారు. అయినా కౌలు కాగితం రాసివ్వడానికి భూస్వామి ఒప్పుకోవలసి ఉండేది. భూమి లేని కూలీ కుటుంబాలను గూర్చి తెలంగాణ ప్రభుత్వం 2025 జనవరి 26న విడిగా ఒక పథకం ప్రారంభించింది. మన సంఘాల్లో అధికులు ఆ వరుసలోనివారే గనుక ఇది మనకు తెలియవలసిన సంగతి. అర్హత ఉండీ ఆధార్‌లో ఒక అక్షరం తప్పు వల్ల, బ్యాంకు ఖాతా కలపకపోవడం వల్ల ఆగిపోయినవారు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. చదువుకున్న మన యౌవనస్థులు ఒక శనివారం కూర్చుని ఆ కాగితాలు సరిచేసిపెడితే, అది చందా ఇచ్చినదానికంటె గొప్ప సహాయం.

మూడు, నమ్మకం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010–2012 మధ్య ఎనిమిది జిల్లాల్లోని 157 మండలాల్లో ఒక పరీక్ష జరిగింది. కొన్ని మండలాల్లో ఉపాధి కూలి, పింఛన్లు వేలిముద్ర గుర్తించే కార్డుల ద్వారా ఊళ్ళోనే చెల్లించారు, మిగిలినచోట్ల పాతపద్ధతే ఉంచారు. కార్తీక్ మురళీధరన్ మొదలైనవారు పరిశీలించగా, కార్డులున్నచోట కూలి త్వరగా అందింది, మధ్యలో కారిపోయే సొమ్ము దాదాపు 40 శాతం తగ్గింది. ఇక్కడ ఇచ్చే సొమ్ము పెరగలేదు. అందుతుందన్న నమ్మకం పెరిగింది. అది కూడా సొమ్ము వంటిదే.

ప్రియులారా, ఇంతవరకు ప్రభుత్వాలను గురించి, పరదేశాలను గురించి మాట్లాడాను. అది సులభం. ఇప్పుడు మన ఇంటి సంగతికి వస్తాను.

మన సంఘాలకు దానధర్మాలు కొత్త కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు అన్నం, బట్టలు మోసుకొని వెళ్ళిన యువకుల్లో నేనూ ఉన్నాను. ఆ మొదటి రోజుల్లో అన్నమే కావాలి, గుడ్డే కావాలి. కొట్లు కొట్టుకుపోయిన చోట డబ్బు తినలేరు. కాని నెల గడిచాక కూడా మేము దుప్పట్లే పట్టుకెళ్ళాం. ఒక జాలరి నాలుగో దుప్పటి అందుకుంటూ, "బాబూ, దీనితో చేపలు పట్టలేను" అన్నాడు. మాకు నవ్వు వచ్చింది. అతను నవ్వలేదు. అతనికి కావలసింది వల. మేము అడగలేదు.

ఇప్పటికీ ప్రతి క్రిస్మసుకు మనం చీరలు పంచుతాం. నా సంఘం లెక్కే చెబుతాను. కిందటేడు 120 చీరలు, ఒక్కొక్కటి 500 రూపాయలు, మొత్తం 60,000. చీర అందుకున్న స్త్రీ ముఖంలో సంతోషాన్ని నేను కాదనను. పండుగకు కొత్తబట్ట చిన్న విషయం కాదు. కాని అదే 60,000 రూపాయలతో అయిదు కుటుంబాలకు నెలకు 1,000 చొప్పున ఏడాది పొడుగునా ఇవ్వవచ్చు. నూట ఇరవైమందికి ఒకనాటి సంతోషమా, అయిదు కుటుంబాలకు పన్నెండు ఒకటో తారీఖులా? ఈ ప్రశ్న సులభమైనది కాదు. నూట పదిహేనుమందికి ఏం జవాబు చెప్పాలో నాకూ బాధగానే ఉంది. అయినా అడుగుతున్నాను. కనీసం సగం సొమ్మునైనా ఈ ఏడాది అలా మళ్ళించి చూడండి.

చేసేటట్లయితే ఇలా చేయమని నా మనవి. ఇంటిపెద్ద ఈమధ్యనే పోయిన ఇల్లు, సంపాదించేవారు మంచానపడిన ఇల్లు వంటివాటిని స్త్రీల మైత్రివారు ఎంపిక చేయాలి. నియమాలు ముందుగానే అందరికీ చదివి వినిపించాలి. మన సంఘంవారా, కాదా అని చూడవద్దు. నెలనెలా కావాలా, లేక జూన్‌లో బడులు తెరిచేటప్పుడు, నాట్లప్పుడు కలిపి కావాలా అని వారినే అడగాలి. ఏడాదిపాటు వస్తుందని మొదటిరోజే చెప్పాలి, చెప్పిన తారీఖు తప్పకూడదు. వేదిక మీదికి పిలిచి ఇవ్వవద్దు, ఫొటో తీయవద్దు. దేనికి ఖర్చుపెట్టావని నిలదీయవద్దు. కావలిస్తే ఏడాది చివర, మీ ఇంట్లో ఏం మారిందమ్మా అని అడిగి, వారు చెప్పింది వినండి.

ముగించే ముందు ఆ బియ్యం వ్యాపారపు స్త్రీ సంగతి. ఆమె అప్పు చివరకు రద్దయింది. నాకు బదిలీ అయింది. పది, పన్నెండేళ్ళ తరువాత ఒకసారి ఆ ఊరి బస్టాండులో కనిపించింది. పక్కన రెండు బియ్యపు బస్తాలున్నాయి. పొదుపు సంఘంలో కూడబెట్టుకున్న డబ్బుతో మొదలుపెట్టానని చెప్పింది. నేను బస్తాకు ఎంత మిగులుతుందని అడిగాను. వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పింది. 1983లో చెప్పిన లెక్కే, ధరలు మాత్రం మారాయి. పన్నెండేళ్ళు ఆమె ఆ లెక్కను మనసులో దాచుకుంది.

మన సంఘాల్లో అటువంటి లెక్కలు ఎన్ని ఇళ్ళలో ఇంకా దాగి ఉన్నాయో మనకు తెలియదు. ఈసారి చీర పట్టుకెళ్ళే ముందు ఒకసారి అడుగుదాం.